గుఱ్ఱము ఎద్దు గాదు: గొంతులో మేత చిక్కుటయు, కడుపు వ్యాధులును

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల మన సంఘ సభ్యులకు ఎద్దును గూర్చి గాని, ఆవు గేదెలను గూర్చి గాని మేము క్రొత్తగా చెప్పవలసినది మిక్కిలి తక్కువ. తాతల నాటినుండి వాని నడుమనే పెరిగినవారు. గుఱ్ఱము మాట వేఱు. ఒకప్పుడు గుఱ్ఱ మనగా ఏ పటేలుగారి వాకిటనో, ఠాణా ముందరనో కనబడునది. ఇప్పుడట్లు గాదు. 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరునకును, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరునకును ఎగువ భూములలో పట్నవాసులు తోటలు కొని ఇండ్లు కట్టుకొనిరి; సవారి నేర్పు బడులు వెలసినవి; హైదరాబాదు పెండ్లి ఊరేగింపుల కొఱకు గుఱ్ఱముల నుంచుకొని అద్దెకిచ్చువారు మన గ్రామములలోనే యున్నారు. మలక్‌పేట పందెముల మైదానమున పరుగుడిగిన గుఱ్ఱములలో కొన్ని ఇటువంటి తోటలకే చేరుచుండును. వీనికి మేతవేయు పిల్లవాడు మన ఊరివాడే. వీనికి గడ్డి, చొప్ప, గాజరగడ్డలు అమ్మువారము మనమే.

కావున గుఱ్ఱపు మేతను, గొంతును, కడుపును గూర్చి ఈ నెల కొంత వ్రాయ దలచితిమి. దీనికొక కారణము గలదు. అది చెప్పుకొనుటకు మాకు సిగ్గుగా నున్నను చెప్పెదము.

కొన్ని యేండ్ల క్రిందట చేవెళ్ళకును మొయినాబాదునకును నడుమనున్న యొక గ్రామమున టమాట నారుమడులు చూపుటకు పోయి, రాత్రి అచటనే నిలిచితిమి. ఆ ఊరి సభ్యు డొకడు అప్పుచేసి యొక ఆడుగుఱ్ఱమును కొని పెండ్లిండ్లకు త్రిప్పుచుండెను. ఆ రాత్రి పట్నమున ఊరేగింపు ముగించుకొని రెండవ జాము దాటిన పిదప ఇల్లు చేరెను. గుఱ్ఱము మధ్యాహ్నమునుండి మేత యెఱుగదు; నీరును సరిగా త్రాగలేదు. పాపము, దానిమీది ప్రేమచేతనే, ఆనాడు అంగడిలో అమ్ముడుపోని గాజరగడ్డలను గుండ్రముగ ముక్కలు కోసి గంపెడు ముందర పెట్టెను. అది ఆత్రముగ నమలక మ్రింగినది. కొంతసేపటికి మెడ సాచుట, గడ్డము ఱొమ్మునకు తెచ్చుకొనుట, మూలుగుట మొదలిడెను. రెండు ముక్కులనుండియు నురుగుతో కూడిన నీరును, నమిలిన మేతయు కారసాగినవి. ఇంటివారు పాము కఱచినదనిరి. ఒకరు పడిసె మనిరి.

అతడు మాయొద్దకు పరుగున వచ్చి, "సారూ, మీరు చదువుకున్నవారు, ఏం జెయ్యమంటరు?" అని యడిగెను. మేము ఎద్దు గొంతున బీటుగడ్డ చిక్కినపుడు నూనె పోయుట చూచియుంటిమి. ఆ జ్ఞానముతోనే, అరలీటరు పల్లినూనె పోయుమని చెప్పితిమి. దూలమునకు త్రాడువేసి గుఱ్ఱము తల పైకెత్తి, వెదురుగొట్టముతో పోసిరి. అది దగ్గినది, తన్నుకొన్నది. తెల్లవాఱుసరికి ముక్కు కారుట నిలిచినది. గడ్డ దిగినదని అందఱును సంతసించితిమి. మూడవ నాడు జ్వరము వచ్చెను. ఊపిరి దుర్గంధమాయెను. పశువైద్యుడు వచ్చి ఱొమ్మున చెవి నానించి విని, ఊపిరితిత్తులు చెడినవని చెప్పెను. తొమ్మిదవ నాడు అది చచ్చెను. "గడ్డ తనంత దిగిపోయెడిదే. దీనిని చంపినది నూనె," అని వైద్యుడు మెల్లగా మాతో ననెను. గుఱ్ఱము పోయిన పిదప దాని అప్పు తీరుటకు ఆ సభ్యునికి రెండేండ్లు పట్టినది.

ఇది యెట్లు జరుగునో ఎఱిగినచో మఱియొకరు మావలె చేయరు.

గుఱ్ఱము గొంతునుండి కడుపువఱకు మేత పోవు అన్నవాహిక యించుమించు ఒక మీటరు ఇరువదియైదు సెంటీమీటర్లనుండి ఒకటిన్నర మీటరు నిడివి గలది. అది మెడలో చాల భాగము ఎడమప్రక్కగా దిగి, ఱొమ్ముగూటిలో దూరి, కడుపును చేరును. గొంతు వెనుకను, మెడ ఱొమ్మున దూరుచోటను, కడుపును చేరుటకు ముందును అది యిఱుకుగా నుండును. తఱచుగ మేత చిక్కునది ఈ చోటులందే. మెడలో చిక్కినచో ఎడమప్రక్క చేతికి గడ్డవలె తగులవచ్చును; ఱొమ్ములో చిక్కినచో పైకేమియు కనబడదు.

నోటిలోనిది ముక్కునుండి యేల వచ్చును? గుఱ్ఱము నోటితో ఊపిరి పీల్చలేదు. దాని మెత్తని అంగిలి పొడవుగ తెరవలె వ్రేలాడి, నోటిని శ్వాసమార్గమునుండి వేఱుచేయును. అందుచేత మ్రింగలేక వెనుకకు మఱలిన దేదైనను ముక్కు దారినే పోవలయును. పెద్ద గుఱ్ఱమునకు దినమునకు ముప్పదియైదు, నలువది లీటర్ల లాలాజలము ఊరును. దారి మూసికొనగానే అదంతయు ముక్కులనుండి వెలికి వచ్చును. అందు కొంత శ్వాసనాళములోనికి జాఱును. తల వంచియుండునంతవఱకు అది బయటికే కారును. మనము తల పైకెత్తి కట్టితిమా, ఊపిరితిత్తులకు చక్కని వాలు కల్పించినట్లే. ఆ పైని గొట్టముతో నూనె పోసినచో, క్రింద దారి మూసియుండగా నూనె మాత్రము ఎచటికి పోవును? నీరైనచో దగ్గుతో కొంత వెలికి వచ్చును. నూనె దగ్గును కూడ పెద్దగా పుట్టింపక లోపలికి దిగి, తిత్తులలో నిలిచిపోవును. గంజియు, బెల్లపునీరును, సారాయియు, ఏది పోసినను ఇంతే.

మఱి చేయదగిన దేమి? ముందుగా గుఱ్ఱము ముందరనుండి మేతను, నీటిని, క్రింద పఱచిన గడ్డినికూడ తీసివేయవలయును. త్రాడు వదులుచేసి, తల వంచుకొనునట్లు నీడను, సందడి లేనిచోట నిలుపవలయును. చిక్కినది యెప్పుడో గుర్తుంచుకొని పశువైద్యునికి వెంటనే కబురంపవలయును. కఱ్ఱతో నెట్టుట, రబ్బరుగొట్టము దూర్చుట, గడ్డను బలముగ పిసుకుట చేయరాదు. అన్నవాహిక చినిగినచో దానిని బ్రతికించుట మిక్కిలి కష్టము. అనేక పర్యాయములు గంటలోపల చిక్కు తనంత విడిపోవును. విడిపోయినను వైద్యుడు వచ్చి చూచుట మేలు. విడిపోనిచో అతడు మత్తుమందిచ్చి, తల క్రిందికి వాలిన పిదప, ముక్కునుండి మెత్తని గొట్టమును దింపి గోరువెచ్చని నీటితో కొంచెము కొంచెముగ కడిగి తీయును. పైకి మనము చేసినదానివలెనే కనబడును గాని, తల క్రిందుగ నుండుటయు, గొట్టము అన్నవాహికలోనే యున్నదని తెలిసికొని నీరు వదలుటయు అందలి భేదము.

చిక్కు విడిన గుఱ్ఱమునకు ఆనాడే ఎండుగడ్డి వేయరాదు. లోపలి పొర ఒఱసికొని పచ్చిపుండువలె నుండును. మఱల అచటనే చిక్కుట కలదు. కొన్ని దినములు తవుడును, దాణాను నీటిలో బాగుగ నానబెట్టి జావవలె చేసి, కొంచెము కొంచెముగ వైద్యుడు చెప్పినట్లు పెట్టవలయును. వారము దినములు ఉదయ సాయంకాలములు జ్వరము చూడవలయును. ఆరోగ్యముగ నున్న గుఱ్ఱమునకు వేడి 38 డిగ్రీల ప్రాంతమున, ఫారన్‌హీటు లెక్కలో 100 ప్రాంతమున నుండును. 38.5 దాటినను, దగ్గు వచ్చినను, ముక్కున చెడువాసన వచ్చినను ఊపిరితిత్తులకు ముప్పు వచ్చినదని యెంచి ఆ దినమే వైద్యుని పిలువవలయును. మేము రెండు దినములు ఊరకుంటిమి.

ఇక చిక్కుట కేవి కారణములు? గాజరగడ్డ చెడుమేత గాదు. గుఱ్ఱములకు అది మిక్కిలి ప్రీతి, మనకును అమ్మకము. కాని గుండ్రముగ బిళ్ళలుగ కోసిన ముక్క అన్నవాహికకు బిరడావలె సరిపోవును. నిలువున చీల్చి వ్రేలివలె పొడవుగ కోసినచో నమలక తప్పదు. తోటలవారికి గడ్డలు పంపు సభ్యులు ఈ మాటను వారి చెవిని వేయుదురుగాక. మక్కకంకుల బెండ్లు, మామిడిటెంకలు గాదెదరికి రానీయరాదు. పొడి తవుడును, గుళికల దాణాయు ఆకలిగొన్న గుఱ్ఱము బుక్కలుగ మ్రింగి, లోపల ఉబ్బి ముద్దగట్టి చిక్కును. వీనిని నానబెట్టియే పెట్టవలయును. ఆత్రపుగుఱ్ఱమునకు దాణాతొట్టిలో దానికి నోటబట్టని రెండు మూడు పెద్ద గుండ్రని రాళ్ళుంచినచో, వాని సందులనుండి ఏఱుకొని మెల్లగా తినును. చెమటతో ఇల్లుచేరిన గుఱ్ఱమునకు మొదట నీరు చూపి, కొంత సేదదీఱిన పిదప గడ్డి, ఆ పిమ్మట దాణా.

దంతముల సంగతి మన పెద్దలు వయస్సు లెక్కించుటకే చూతురు. గుఱ్ఱపు దంతములు పెఱుగుచునే యుండును. ఒకదానితో నొకటి ఒఱసికొని అంచులు కత్తివలె తేలును. అవి బుగ్గను నాలుకను కోయుచుండగా అది సరిగా నమలదు. గడ్డి ఉండలు నోటినుండి పడుచున్నను, లద్దెలో గింజలు చెక్కుచెదరక వచ్చుచున్నను దంతములు అరగదీయింపవలసిన వేళ యని తెలియవలయును. ఏటి కొకసారి చూపినచో చాలును. ముసలిగుఱ్ఱములు తఱచుగ గొంతుచిక్కునకు లోనగుటకు మూలము ఇదియే.

గొంతు దాటిన పిదప కడుపు. ఎద్దుకడుపు నాలుగు గదులది. అందు మొదటిదానిలోనే నూఱు లీటర్లకు పైగా పట్టును. మేసినదానిని నిలువయుంచుకొని, తీరికగా నెమరువేయును. గుఱ్ఱమునకు ఒక్కటే చిన్నకడుపు. ఎనిమిదినుండి పదునైదు లీటర్లు మాత్రమే పట్టును. అంత పెద్ద జంతువునకు అంత చిన్నసంచి యేల యనగా, అది బయట తిరుగునప్పుడు దినములో పదునాఱు గంటలు కొంచెము కొంచెముగ మేయుచునే యుండుట కేర్పడినది. ఎద్దువలె రెండుపూటలు నింపి వదలుట దానికి తగదు.

మఱియొక భేదము ప్రాణాంతకమైనది. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. అన్నవాహిక కడుపుతో చేఱుచోట కండరము బిగువుగ నుండి, లోపలికి పోనిచ్చునేగాని వెనుకకు రానీయదు. కల్లముదినములలో రాత్రి త్రాడు తెంచుకొని జొన్నరాశిమీదనో మక్కలమీదనో పడిన గుఱ్ఱము కడుపు పట్టినంత తినును. గింజ నీటితో ఉబ్బును, పులిసి వాయువు పుట్టును. దారిలేక కడుపు చినిగినచో ఏ వైద్యుడును బ్రతికింపలేడు. నేల దువ్వుట, ప్రక్కలవంక చూచుట, పొర్లుట, చెమట, ఒక్కొకప్పుడు కుక్కవలె కూర్చుండుట గుర్తులు. బాధపడుచున్న గుఱ్ఱము ముక్కునుండి పులిసిన నీరు తనంత వచ్చినచో కడుపు అంచువఱకు నిండినదని అర్థము. అంతసేపు కొట్టుకొని హఠాత్తుగ నెమ్మదించి, చల్లని చెమటతో వణకుచు నిలిచినచో, బాగుపడినదని ఆనందింపకుడు. కడుపు పగిలిన గుఱ్ఱమట్లే నిలుచును. వేళకు వైద్యుడు ముక్కుగుండ గొట్టము దింపి లోపలి ద్రవమును, వాయువును తీసినచో బ్రతుకును.

గింజలు తిని ఇంకను నిమ్మళముగనే యున్నదని తెల్లవాఱువఱకు ఆగరాదు. నొప్పి కొన్నిగంటల తరువాతనే తెలియును. ఒకటి రెండు దినములకు గిట్టలలోనికి వాపు దిగి జన్మాంతము కుంటిదగుటయు కలదు. ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పి అప్పుడే పిలువవలయును. కడుపునొప్పికి పరుగెత్తించుట మంచిదని కొంద ఱనెదరు. నిండినకడుపుతో పరుగు మఱింత కీడు.

ఉలవలు గుఱ్ఱములకు మన ప్రాంతపు పాతదాణా. గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని సామెత. ఉలవలను ఉడికించి గుగ్గిళ్ళుగ పెట్టుట పెద్దల తెలివి. పచ్చిగింజలను పొడిగా పెట్టరాదు. గుగ్గిళ్ళయినను, ఇతర దాణాయైనను ఒక్కపూటకు కిలోన్నర, పెద్దగుఱ్ఱమునకు రెండు కిలోలు దాటనీయక, మిగిలినది మఱియొకపూటకు పంచుడు.

ఇక వ్రణముల మాట. గుఱ్ఱపుకడుపులో ఆమ్లము మేత యున్నను లేకున్నను రాత్రింబవళ్ళు ఊరుచుండును. దానిని చల్లార్చునది లాలాజలము. లాలాజలమో, నమలునపుడే ఊరును. ఒక కిలో ఎండుగడ్డి నమలుటకు నలువది నిమిషములు పట్టగా, ఒక కిలో గింజల దాణా పది నిమిషములలో చెల్లిపోవును. అనగా దాణాతో పోషించి గడ్డి తగ్గించిన గుఱ్ఱమునకు ఆమ్లము మిగులును, ఉమ్మి కొఱవడును. కడుపు పైభాగపు పొరకు ఆమ్లమును తట్టుకొను జిగురు లేదు. పరుగులో కడుపు నొక్కబడి ఆమ్లము పైకెగసి, అచట పుండ్లు పడును. 1986లో హాంకాంగు పందెపు గుఱ్ఱములు 195 మరణానంతరము కోసి చూడగా, మూడింట రెండు వంతులకు కడుపులో పుండ్లు కనబడినవి. శిక్షణలో నుండగా చనిపోయినవానిలో నూటికి ఎనుబదింటికి. విశ్రాంతిలో నుండినవానికి తక్కువ. అంత విలువగల గుఱ్ఱములకే అట్లుండగా, మన పెండ్లిగుఱ్ఱములను గూర్చి యోచింపుడు. సాయంకాలమునకు ముందే జీనుగట్టి, బాజాల నడుమ, టపాకాయల నడుమ, నడిరాత్రివఱకు కడుపు ఖాళీగ నిలబెట్టుదుము. ఆఱేడు గంటల పస్తు మనిషికి ఉపవాసము, గుఱ్ఱమునకు పుండు.

ఈ వ్యాధి అఱచి చెప్పదు. గడ్డి తిని దాణా వదలుట, తిన్న కొంతసేపటికి లోకువగ నొప్పిపడుట, చిక్కిపోవుట, వెండ్రుక నిగనిగ తగ్గుట, నడుముపట్టా బిగించునపుడు కఱవ వచ్చుట, ఇవియే గుర్తులు. కఱచు గుఱ్ఱమును మనవారు పొగరనుకొని కొట్టుదురు. నిశ్చయముగ తెలియుటకు మూడుమీటర్ల పొడవుగల దీపపుగొట్టముతో లోపల చూడవలయును. ఒమెప్రజోలు అను మందు గుఱ్ఱములకు తగిన లేహ్యముగ 1999లో అమెరికాలో అనుమతింపబడినది. వైద్యుని సలహామీద సాధారణముగ నాలుగు వారములు వాడుదురు. కాని మేపు మార్చనిచో మందు మానగానే పుండు మఱల వచ్చును. కుంటికిని, ఒంటినొప్పులకును అంగడిలో దొరకు ఫెనైల్‌బ్యూటజోను వంటి మందులను తోచినట్లు ఇచ్చుటవలన గూడ కడుపు చెడునని మఱువరాదు.

మేపునకు ఖర్చు పెద్దది గాదు. నడితరపు పెండ్లిగుఱ్ఱమునకు దినమునకు ఐదాఱు కిలోలకు తగ్గక ఎండుగడ్డి కావలయును. దానిని రెండుసార్లుగ గాక నాలుగైదుసార్లు వేయవలయును. జీను వేయుటకు ముందు రెండుమూడు పిడికిళ్ళ గడ్డి తినిపించినచో అది ఆమ్లముపై మెత్తవలె తేలి, ఎగసిపడనీయదు. ఊరేగింపునకు పోవు బండిలో ఒక గడ్డివల వ్రేలాడదీసి, వధూవరులు ఆలస్యము చేయునంతసేపు మేయనీయుడు. వారు ఆలస్యము చేయక మానరు. లూసర్ను గడ్డిలో సున్నపుసత్తువ, మాంసకృత్తులు ఎక్కువగుటచే ఆమ్లమును చల్లార్చును. నీరు నిలువని లోతునేల, బావి గల సభ్యులు నాలుగు గుంటలలో వేసి చూచినచో, తోటలవారు కొనుటకును వచ్చుదురని మా యభిప్రాయము.

కడుపుపురుగులను గూర్చి రెండుమాటలు. తేనెటీగవంటి యొక ఈగ గుఱ్ఱము ముందుకాళ్ళ వెండ్రుకలకు పసుపురంగు గ్రుడ్ల నంటించును. గుఱ్ఱము నాకగా అవి నోటికి, నోటినుండి కడుపునకు చేరి, పొరను పట్టుకొని ఎనిమిది పది నెలలు వ్రేలాడును. గ్రుడ్లు కనబడినపుడు మొద్దుకత్తితో గోకి తీయవలయును. మేతతొట్టిదగ్గఱ మాత్రము గోకకుడు. లోపలివానికి ఐవర్‌మెక్టిను మందు పనిచేయును. తూకము చూచి వైద్యుడే ఈయవలయును.

గ్రామపు పశువుల ఆసుపత్రిలో సాధ్యముగానిచో, 1946లో ఏర్పడిన పశువైద్య కళాశాల రాజేంద్రనగరులో మనకు దగ్గఱనే కలదు. వైద్యునితో మాటలాడునపుడు ఏమి తిన్నది, ఎన్నిగంటలకు, ముక్కు రెండును కారుచున్నవా, పొర్లుచున్నదా, లద్దె వేసినదా అను ఐదు సంగతులు చెప్పుడు. బండి నెక్కించి తీసికొనిపోవలసివచ్చినచో, గొంతుచిక్కిన గుఱ్ఱము తలను పైకి బిగించి కట్టకుడు. మోకాలివఱకు వంచుకొనునంత త్రాడు వదలుడు.